పదిహేడో ప్రార్థనాంశం

మా పెళ్లిలో పాస్టరు గారు చెప్పిన మాటల్లో మూడు రాసుకున్నాను. అలిగి వేరువేరుగా అన్నం తినవద్దు. ఒకరి తప్పు మరొకరి పుట్టింట్లో చెప్పవద్దు. రోజూ కలిసి ప్రార్థన చేయండి. మొదటి రెండూ అప్పుడప్పుడూ తప్పాం. మూడోది ఒక్కరోజూ తప్పలేదు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ బాయిలర్ చూసుకోవడం నా పని. గింజల్ని ఉడికించే ఆవిరి ఒత్తిడి ఎంతుందో గంటగంటకీ రిజిస్టరులో రాయాలి. ఆ అలవాటే ఇంటికీ తెచ్చాను. సాయంత్రం ఏడింటికి చాప మీద కూర్చుని కళ్లు మూసుకునేవాళ్లం. ముందు ఆమె ప్రార్థించేది, తర్వాత నేను. ఆమె అడిగినవన్నీ నోటు పుస్తకంలో తేదీ, నంబరు వేసి రాసేవాణ్ణి. నెరవేరితే టిక్కు.

"దేవుడేటి బావా, నీ కాడ డ్యూటీకొత్తన్నాడా, టిక్కులెట్టడానికి?" అని నవ్వేది.

ఆమెది బారువ. చేపల వేట మీద బతికే కుటుంబం. ఆ ఇంట్లో ప్రభువును నమ్ముకున్నది ఆమె ఒక్కతే. కష్టమైనా సుఖమైనా ఆయనకే చెప్పుకోవడం అలవాటు. పెళ్లయ్యాక కూడా అలాగే చెప్పుకునేది, నేను పక్కన వింటుండగా. కూర విషయంలో నేను విసుక్కున్నానని ఒకసారి ప్రార్థనలో చెప్పింది. మర్నాడు క్షమించమని అడిగాను. ఇంతకన్నా మంచి కాపురం ఏముంటుంది అనుకున్నాను.

ఒక సాయంత్రం కాళ్ల వాపు తగ్గించమని అడిగింది. ఆమెన్ అన్నాను. కళ్లు తెరిచి ఆమె కాళ్ల వైపు చూడలేదు, పుస్తకం తీశాను. పదిహేడో అంశం. వారం తిరిగేసరికి చెప్పులు మళ్లీ కాళ్లకు పడుతున్నాయని స్తోత్రం చెప్పింది. టిక్కు పెట్టాను. తర్వాత మళ్లీ వాపే, ముప్పై ఒకటో అంశం. అన్నం సయించడం లేదంది, ముప్పై ఎనిమిది.

నేను ఉద్దానంలో పుట్టినవాణ్ణి. మా వీధిలోనే కిడ్నీలు పోయినవాళ్లు ఉన్నారు. కాళ్లు వాచాయంటే ఏమిటో ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఆమె బజార్లో కళ్లు తిరిగి పడిపోయాక ఆసుపత్రికి తీసుకెళ్లాను. రెండు కిడ్నీలూ అప్పటికే పాడైపోయాయి. వాపు ఎన్నాళ్ల నుంచి అని డాక్టరు అడిగారు. ఎనిమిది నెలల పదకొండు రోజులు అన్నాను. ఆయన కాగితం మీద నుంచి తలెత్తి నన్ను చూశారు.

బాయిలర్ ఒత్తిడి ఎర్రగీత దాటితే నేను ముందు రిజిస్టరు తీయను. మంట తగ్గిస్తాను. రాయడం ఆ తర్వాత.

డయాలసిస్ మంచం పక్కన కూర్చుని ఒకరోజు అడిగేశాను, నాతో ఒక్క మాట ఎందుకు చెప్పలేదని.

"సెప్పేను గదా బావా. నువ్వు ఆమెన్ అన్నావు గదా."

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది.

ఆమె చివరి వారంలో ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకోబోతే నా చెయ్యి పట్టుకుంది.

"కళ్లు ముయ్యకు బావా. నన్ను సూత్తూ సెయ్యి."

చూశాను. ఉబ్బిన మొహం, ఎండిన పెదాలు, మణికట్టు దగ్గర సూదుల గుర్తులు. నేను చూస్తుండగానే తనే ఆమెన్ అంది.

ఈ మధ్య పాస్టరు గారు, పెళ్లి కుదిరిన జంటలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. నోటు పుస్తకం తీసుకెళ్లాను. పదిహేడో అంశం పక్కనున్న టిక్కు చూపించి, ఆమెన్ అన్నాక కళ్లు తెరిచి ఒకరినొకరు చూసుకోండి అన్నాను. ఇంకో ఐదు మాటలు రాసుకుని వెళ్లాను. అవి చదవకుండానే పుస్తకం మూశాను.