కుడిదిక్కు గజం దూరం

ఇది ఒక మహాసంగ్రామం కథ. భువనగిరి గుట్ట కింద పెరిగిన పదకొండు మంది వీరులు మేళ్లచెరువు తెల్లదుమ్ముల దిగి, తొంభై నిమిషాలు శత్రువును ఊపిరి తీసుకోనియ్యలేదు. ఇంతవరకు నిజమే. కాని మ్యాచ్ సున్నా–సున్నా. వీరులల్ల ఇద్దరికి జీపుల వాంతులైనయి. నేను పన్నెండోవాణ్ని, అంటే నీళ్ల సీసాలకు ఇన్‌చార్జిని.

సంగ్రామం అన్న మాట నాది కాదు, మా కెప్టెన్‌ది. వానికి కారణం ఉంది. వాళ్ల నాయనకు బస్టాండు కాడ చెప్పుల షాపు. మావోని డిగ్రీ అయిపోయి ఏడాదైంది. "ఉమ్మడి జిల్లా టీముల పేరొస్తే ఇంకో ఏడాది ఆడుకో. రాకుంటే సోమవారం నుంచి షాపుల కూసో" అని నాయన తేల్చి చెప్పిండు. మ్యాచ్ ఆదివారం. చూడనీకి సెలెక్టర్ వస్తుండు. ఒక్క గోల్ కొడితే బతికిపోత అని మావోడు జీపెక్కిండు, ఎక్కిన పది నిమిషాలకు నా భుజం మీద గురకపెట్టిండు.

సిమెంటు ఫ్యాక్టరీ కాలనీ గ్రౌండ్ రొట్టె పెంక లెక్క చదునుగ ఉంది. అవతలి టీముల సగం మంది డ్యూటీ దిగి సీదా వచ్చినోళ్లు. బాల్ వాళ్లకు దొరికితే కద. ఇరవై నిమిషాలల్ల మావోళ్లు ఆరుసార్లు గోల్ మీదికి కొట్టిండ్రు. ఆరుసార్లు బాల్ కుడి పోల్ పక్కనుంచి బయటికి పోయింది.

బాల్ తెచ్చిచ్చే పని నా మీద పడ్డది. గోల్ వెనక నిలవడితే ఒక వింత కనవడ్డది. తెల్లదుమ్ముల బాల్ దొర్లిన గీతలన్నీ ఒక్క తావుల, దువ్వెనతో దువ్వినట్టు పక్కపక్కన ఉన్నయి. అన్నీ పోల్‌కు గజం అవతల. ఎడమదిక్కు ఒక్కటన్న లేదు. గురి తప్పుట్ల గూడ ఇంత క్రమశిక్షణ ఎట్లొచ్చిందో నాకు సమజ్ కాలే.

వాళ్ల గోల్‌కీపర్‌ను అడిగిన. "అన్నా, ఏమన్న మంత్రమేసినవా?"

"నాకేం మంత్రాలొస్తయి తమ్మీ," అని ఆవులిచ్చిండు. "మీరు అటే కొడుతుండ్రు, నేను ఇటే నిలవడ్డ."

అప్పుడు మా గ్రౌండ్ యాదికొచ్చింది. అది గుట్ట కింద ఉంటది. సగం జాగాల లారీలు ఆపుతరు, అందుకే మాకు గోల్ ఒక్కటే. ఆ గోల్ దిక్కు తిరిగితే గుట్ట కుడిపక్కన, వాలు ఎడమపక్కకు. సీదా కొడితే బాల్ దొర్లుకుంట ఎడమకు జారి బయటికి పోతది. అందుకే చిన్నప్పటిసంది పోల్‌కు గజం కుడిపక్కకు కొడతం, బాల్ తనే లోపలికొస్తది. దాన్ని మేము టాలెంట్ అనుకున్నం.

ఇంటర్వెల్‌ల కెప్టెన్‌కు నీళ్లిచ్చి చెప్పిన. "భాయ్, నీ కాల్ల తప్పేం లేదు. మన గుట్టనే ఇక్కడ లేదు."

"నా బతుకు పోతుంటే నీకు గుట్టలు కావల్సొచ్చినయా?"

"ఒక్కసారి సీదా కొట్టి చూడు."

వాడు సీసా నా చేతికిచ్చి మెల్లగ అడిగిండు, "సీదా అంటే ఎటు?"

నవ్వొచ్చింది గని నవ్వలే. వాడు నిజంగనే అడుగుతుండు.

రెండో సగంల గోల్ మారినా అలవాటు మారలే. ఇంకో ఏడు బాల్స్ కుడిపక్కకే. ఇగ అయిపోతదనంగ బాల్ మా కెప్టెన్ కాల్లకొచ్చింది. ముంగట గోల్‌కీపర్ తప్ప ఎవ్వలు లేరు. వాడు నా దిక్కు చూసిండు. నేను గోల్ వెనకనే ఉన్న, సీసాతోని నడుమకు చూపిచ్చిన. జిందగీల మొదటిసారి వాడు సీదా కొట్టిండు.

సీదా ఎక్కడికి పోవాల్నో సరిగ్గ అక్కడనే గోల్‌కీపర్ మ్యాచంతా నిలవడి ఉన్నడు. బాల్ పోయి వాని ఛాతీకి తగిలింది. వాడు ఉలిక్కిపడి దాన్ని కావలిచ్చుకున్నడు. విజిల్ పడ్డది.

సెలెక్టర్ సార్ టెంట్ కింద చాయ్ తాగుతుండు. కెప్టెన్ పోయి ఎదురుంగ నిలవడ్డడు, ఎనుక నేను.

"సార్, గోల్ పడలేదు గని..."

"నీ ఆట మంచిగనే ఉంది బాబూ. గోల్ కొట్టేటోళ్ల పేర్లు పోయిన వారమే అయిపోయినయి. నేనొచ్చింది గోల్‌కీపర్ కోసం."

కెప్టెన్ తిరిగి వాళ్ల గోల్‌కీపర్ దిక్కు చూసిండు. నాకే ఆగలే. "మరి ఆయనను తీసుకుంటుండ్రా సార్?"

"ఏం చూసి తీసుకోవాలె? ఒక్క బాల్ వచ్చె. అది గూడ అదే వచ్చి తగిలె."

సోమవారం పదింటికి షాపుకు పోయిన. మా కెప్టెన్ చిన్న స్టూల్ మీద కూసొని డబ్బాలు సదురుతుండు. ఎట్లుంది అనడిగిన.

"మొగోళ్లవి ఎనిమిదో నంబర్ ఎక్కువ పోతయట," అన్నడు. "అందుకే చేతికందే అరల పెడుతరు."