లిడా అత్తకో సందేహం

లిడా కోవరిక్‌కు సందేహాలు వస్తాయి. సందేహాలు అందరికీ వస్తాయి గానీ, అందరూ వాటిని ఇంటికి పట్టుకుపోయి దాచుకుంటారు. లిడా మాత్రం వచ్చిన సందేహాన్ని వచ్చినచోటే, నలుగురి మధ్యా, బస్సు వెనక సీటు దాకా వినపడే గొంతుతో అడిగేస్తుంది. ఆ గొంతు ఊరికే రాలేదు. నెబ్రాస్కాలోని లోమిట్స ఊళ్ళో ఒక తరం పిల్లల్ని స్కూలు బస్సులో బడికి చేర్చి రిటైరైన మనిషి. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆవిడ లిడా అత్తే.

"నాకో సందేహం" అని ఆవిడ చెయ్యెత్తిందంటే సభలో సగం మంది బూట్ల వంక చూసుకునేవారు, మిగతా సగం మంది నవ్వాపుకోవడానికి దగ్గేవారు. కిరాణా కొట్లో ఆవిడ ఎదురొస్తే, కుక్కల్లేని వాళ్ళు కూడా బండి తిప్పుకుని కుక్కబిస్కెట్ల వరసలోకి దూరిపోయేవారు.

జనెల్ ఆ ఇంటి కోడలు. లిడా ఆమెకు మామగారి చెల్లెలు. పెళ్ళి విందులో అందరూ గ్లాసులు పట్టుకుని దంపతుల్ని దీవిస్తుంటే, లిడా లేచి, "అమ్మాయ్, నాకో సందేహం. వీడు గురక పెడతాడని నీకెవరైనా ముందే చెప్పారా?" అని అడిగింది. చెప్పలేదు. జనెల్‌కు ఆ విందులో గుర్తున్నది అదొక్కటే. ఆనాటి నుంచీ ఆవిడతో ఎక్కడికెళ్ళినా రెండు వరసలు వెనక కూర్చోవడం అలవాటు చేసుకుంది.

ఒక ఆదివారం చర్చిలో ఫాదర్ మాట్లాడుతూ, స్వర్గంలో మనమంతా మన ఆప్తుల్ని మళ్ళీ కలుసుకుంటామన్నారు. ముందు వరసలో చెయ్యి లేచింది.

"ఫాదర్, నాకో సందేహం. మొదటి మొగుడు పోయాక రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళ సంగతేంటి? అక్కడికి వెళ్ళాక ఎవరి పక్కన కూర్చోవాలి?"

ఫాదర్ చెవులు ఎర్రబడ్డాయి. "అక్కడ... అక్కడ అలాంటి లెక్కలుండవమ్మా. ఎవరూ ఎవరి మీదా అలగరు."

"అలగరని గట్టిగా చెప్తున్నారా?"

"గట్టిగానే చెప్తున్నాను."

"సరే, కానివ్వండి," అని లిడా కూర్చుంది.

ఇంకోసారి చర్చి హాల్లో పెద్ద డాక్టరొకాయన వచ్చి, యాభై దగ్గర పడుతున్నవాళ్ళంతా పెద్దపేగు పరీక్ష చేయించుకోవాలని బొమ్మలు చూపించి మరీ చెప్పాడు. చివర్లో సందేహాలేమైనా ఉన్నాయా అన్నాడు, పాపం, ఊరికి కొత్త.

"ఆ పరీక్షకి పడుకోబెట్టినప్పుడు సాక్సులు ఉంచుకోవచ్చా, తీసెయ్యాలా?"

హాలంతా పడీపడీ నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది జనెల్ మొగుడు మైలో. డాక్టరు నవ్వలేదు. ఉంచుకోవచ్చన్నాడు.

ఇలా సాగిపోతుండగా మైలో, జనెల్‌ల కూతురు మార్నీకి పదకొండో ఏడు వచ్చింది. మార్నీ సాఫ్ట్‌బాల్ జట్టులో పిచ్చర్. చెయ్యి గిర్రున తిప్పి కింది నుంచి బంతి విసిరితే, అవతలి పిల్ల గ్లోవులో పడిన చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. నోరు తెరిస్తే మాత్రం పక్కనున్నవాళ్ళకు కూడా వినపడదు.

ఆమె ఆడేది ఊరి లీగులో. కోచ్ మైలోనే. చొక్కాలు కుట్టించింది బేకరీవాళ్ళు కాబట్టి వీపు మీద కొలాచె రొట్టె బొమ్మ ఉంటుంది. కుడివైపు మూల నిలబడే పిల్ల పచ్చగడ్డిలో పూలు కోసుకుంటూ ఉంటుంది. రెండో బేసు దగ్గరి పిల్ల బంతి వచ్చే సమయానికి సరిగ్గా వాళ్ళమ్మమ్మకు చెయ్యూపుతుంది. ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ కలిసి ఒకే పెట్టెలోంచి కొలాచెలు తింటారు. ఎవరు గెలిచారన్నది ఆ పెట్టె తెరిచాక ఎవరూ పట్టించుకోరు.

ఆ వేసవిలో సిటీ నుంచి ఫోనొచ్చింది. ట్రూడీ హాస్కెల్ అనే కోచ్ మార్నీ ఆట చూసిందట. తన ట్రావెల్ జట్టులో చోటిస్తానంది. ట్రావెల్ జట్టంటే పేరుకు తగ్గట్టే ప్రయాణాలు. శని, ఆదివారాలు అయోవాలోనో, కాన్సస్‌లోనో టోర్నమెంట్లు, హోటళ్ళలో పడక, చలికాలమంతా షెడ్డులో సాధన.

"వెళ్ళాలి," అంది జనెల్. "అక్కడ దానికి సమానమైన వాళ్ళతో ఆడుతుంది. నా చిన్నప్పుడు ఇలా ఎవరైనా పిలిచుంటే నేను నడుచుకుంటూ పోయేదాన్ని."

"దానికిక్కడ ఏం తక్కువైంది?" అన్నాడు మైలో. "హాయిగా నవ్వుకుంటూ ఆడుతోంది. పదకొండేళ్ళకే దాన్ని ఉద్యోగంలో పెడతావా?"

"పూలు కోసే పిల్లల మధ్య ఆడితే ఏమొస్తుంది?"

"పూలొస్తాయి!"

"సరే, దాని ఇష్టం. దాన్నే అడుగుదాం. మార్నీ, నువ్వు చెప్పమ్మా. సిటీ జట్టు బావుంటుంది కదూ?"

"ఇదెక్కడి అడగడం! మార్నీ, నాన్న జట్టు వదిలి వెళ్ళవు కదమ్మా?"

మార్నీ ఇద్దరి మొహాలూ చూసి, "ఏదైనా పర్లేదు," అంది. రెండు వారాల పాటు ఆ పిల్ల నోటి నుంచి ఊడిపడింది ఆ రెండు మాటలే.

ఇంతలో ట్రూడీ తల్లిదండ్రుల సమావేశం పెట్టింది. లిడాకు ఆ సంగతి తెలియకూడదని జనెల్ గట్టిగా అనుకుంది. తీరా బయల్దేరేసరికి మార్నీ గుమ్మంలో నిలబడి కదల్లేదు.

"లిడా అత్త కూడా వస్తే వస్తాను."

జనెల్‌కు అర్థం కాలేదు. లిడా అత్తకు సాఫ్ట్‌బాల్ గురించి ఏం తెలుసని? ఆటకొచ్చి అల్లిక పని చేసుకుంటుంది. ఒకసారి అవతలి జట్టు గెలిస్తే లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అలాంటి మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళాలని పిల్లకెందుకింత పట్టుదల? అడిగితే చెప్పదు. పికప్పు బండి తీసుకెళ్ళి లిడా ఇంటి ముందు ఆపేసరికి, ఆవిడ కోటు తొడుక్కుని, గేటు దగ్గరే నిలబడి ఉంది.

స్కూలు జిమ్‌లో మడతకుర్చీలు వేశారు. ట్రూడీ హాస్కెల్ పొడుగ్గా, ఎండకు కమిలిన మొహంతో, మెడలో విజిల్‌తో ఉంది. జట్టు గురించీ, గెలిచిన కప్పుల గురించీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఈసారి జనెల్‌కు రెండు వరసలు వెనక్కి పోయే వీలు లేకపోయింది. ఒక పక్క తను, ఇంకో పక్క మార్నీ, మధ్యలో లిడా అత్త. జనెల్‌కు అవతల మైలో.

"సందేహాలేమైనా ఉన్నాయా?" అంది ట్రూడీ.

జనెల్ కళ్ళు మూసుకుంది.

"నాకో సందేహం. హోటల్‌కి ఎవరి దిండు వాళ్ళు తెచ్చుకోవచ్చా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "తెచ్చుకోవచ్చు. మా జట్టులో షార్ట్‌స్టాప్‌గా ఆడే పిల్ల దిండుతో పాటు ఎలుగుబంటి బొమ్మని కూడా తెచ్చుకుంటుంది," అంది ట్రూడీ.

"మంచిది. మీరు అరుస్తారా?"

"అంటే?"

"పిల్లల మీద అరుస్తారా అని."

జనెల్ కళ్ళు తెరిచి ఆవిడ మోచెయ్యి నొక్కింది. "అత్తయ్యా!"

ట్రూడీ మెడలోని విజిల్‌ను పక్కకు తోసింది. "అరుస్తాను. బద్ధకిస్తే అరుస్తాను. బంతి వదిలేస్తే అరవను. వదిలేసిన పిల్లకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు కదా."

లిడా తలను ఒక పక్కకు వాల్చింది. వయసు మీద పడి చెవి సరిగ్గా వినపడట్లేదేమోనని జనెల్ అనుకుంది. తల మళ్ళీ నిటారుగా లేచింది.

"పిచ్చర్ వరసగా నలుగురికి బంతులు పక్కకు వేసేసి, ఊరికే బేసుకి పంపేసిందనుకోండి. అందరి ముందూ అప్పుడే తీసేస్తారా, ఇన్నింగ్స్ అయ్యేదాకా ఆగుతారా?"

"ముందు నేనే నడిచి దాని దగ్గరికి వెళ్తాను. ఏదో ఒక జోకు చెప్తాను. నా జోకులు బావుండవు. అప్పటికీ కుదరకపోతే తీసేస్తాను."

"తెల్ల ప్యాంట్లు వేసుకుని ఆడుతున్నప్పుడు ఏ పిల్లకైనా నెలసరి మొదటిసారి మైదానంలోనే వచ్చేస్తే?"

మైలో పైకప్పు వంక చూస్తూ అక్కడి దీపాలు ఎలా బిగించారో పరిశీలించడం మొదలుపెట్టాడు. ఇంకో ముగ్గురు తండ్రులు కూడా అదే పని చేశారు. ట్రూడీ మాత్రం నవ్వలేదు.

"నా సంచిలో కావలసినవన్నీ ఉంటాయి, నల్ల ప్యాంట్లతో సహా. ఆ పిల్ల టోపీ ఒకసారి తీసి మళ్ళీ పెట్టుకుంటే చాలు, అదే సైగ, నేను చూసుకుంటాను. ఆట ఎందుకు ఆపానో ఎవరికీ చెప్పను."

చుట్టూ ఉన్న తల్లులు ఒకేసారి ఊపిరి వదిలారు. వాళ్ళ పక్కనున్న ఆడపిల్లలు అంతకంటే గట్టిగా వదిలారు.

లిడా తల మళ్ళీ పక్కకు వాలింది, మళ్ళీ లేచింది. "ఆ నెమ్మది బంతి, దాని పేరేదో ఉంది... చేంజప్. బొటనవేలు పొట్టిగా ఉన్నవాళ్ళకు కూడా అది నేర్పొచ్చా?"

అప్పుడు జనెల్ అటు తిరిగింది. గెలిచిందెవరో తెలియని మనిషికి చేంజప్ సంగతి ఎలా తెలుసు? లిడా అత్త బొటనవేలి వంక చూసింది. పొడుగ్గా, లావుగా, బస్సు గేరు మార్చిన బొటనవేలు. ఆవిడ వీపు వెనక నుంచి కొంచెం వంగి అవతలికి చూసింది. మార్నీ లిడా కోటు చెయ్యి పట్టుకుని ఉంది. పెదాలు ఆవిడ చెవి దగ్గర కదులుతున్నాయి. ఆ పిల్ల బొటనవేలు పొట్టిది. వాళ్ళ నాన్న పోలిక.

"ఆఖరిది," అంది లిడా. "ఈ ఏడు రాలేనంటే మీకు కోపమొస్తుందా? వచ్చే ఏడు రానిస్తారా?"

"కోపం ఎందుకు? ప్రతి ఆగస్టులో ఎంపికలుంటాయి. ఎవరైనా రావొచ్చు," అంటూ ట్రూడీ లిడాను కాకుండా ఆవిడ పక్కనున్న పిల్లను చూసింది. ఆమెకు ఎప్పుడు తెలిసిపోయిందో మరి.

బయట, మైలో మార్నీని తీసుకుని బండి దగ్గరికి వెళ్ళాక, జనెల్ ఆవిడను మెట్ల మీద ఆపేసింది.

"అత్తయ్యా, అవన్నీ మార్నీ ప్రశ్నలే కదూ?"

"దిండు నాది," అంది లిడా. "నాకు హోటల్ దిళ్ళు పడవు."

"మరి ఇన్నాళ్ళూ... చర్చిలో? స్వర్గంలో ఎవరి పక్కన కూర్చోవాలని?"

"మా పక్కింటి బ్లాంకా మళ్ళీ పెళ్ళి చేసుకున్నప్పటి నుంచీ సరిగ్గా నిద్రపోవట్లేదే. దానికి అడగడానికి మొహం చెల్లలేదు. నాకు సిగ్గు లేదని ఊరంతా అంటుంది కదా. లేనిదాన్ని ఉన్నాను, ఉన్నవాళ్ళకు కాస్త పనికొస్తే పోయిందేముంది?"

"సాక్సులు?"

"అది చెప్పకూడదు," అని లిడా బండి వైపు చూసింది. బండి దగ్గర మైలో టైర్లలో గాలి ఉందో లేదో చూస్తున్నాడు. ఆ వేసవి మొదట్లోనే ఆయన ఆ పెద్దపేగు పరీక్షకు వెళ్ళొచ్చాడు. జనెల్ చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో వింత జరిగింది. "ఆ కోచ్ మంచి మనిషే సుమా. పంపిద్దాం," అన్నాడు మైలో.

"అంత తొందరేముంది? ఇంకో ఏడాది నవ్వుకుంటూ ఆడనీ," అంది జనెల్.

"పూలు కోసే పిల్లల మధ్య ఆడితే ఏమొస్తుంది?"

"పదకొండేళ్ళకే ఉద్యోగంలో పెడతావా?"

వెనక సీట్లో మార్నీ లిడా కోటు లాగింది. "లిడా అత్తా, వాళ్ళకి చెప్పవా..."

లిడా గురక పెట్టింది. అంతకుముందు క్షణం దాకా మొక్కజొన్న చేలు చూస్తూ కబుర్లు చెప్పిన మనిషి, నోరు తెరిచి, మైలో కూడా సిగ్గుపడేంత గురక పెట్టింది. మార్నీ ఇంకోసారి లాగింది. గురక పెరిగింది. జనెల్ అద్దంలో చూసింది. లిడా కన్ను ఒకటి సన్నగా తెరుచుకునే ఉంది.

"అమ్మా," అంది మార్నీ. తర్వాత గొంతు సవరించుకుని, ముందు సీటు దాకా వినపడేలా, "అమ్మా! నాన్నా! ఈ ఏడు ఊరి లీగులోనే ఆడతాను. చేంజప్ నేర్చుకుంటాను. వచ్చే ఆగస్టులో ఎంపికకు వెళ్తాను. కోచ్‌కి నేనే ఫోన్ చేస్తాను. మీరిద్దరూ ఇంక ఆపండి," అంది.

ఇద్దరూ ఆపారు. మైలో బండి కూడా ఆపేశాడు, కంగారులో. గురక కూడా అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు మార్నీ ఫోన్ చేసింది. గది తలుపు మూసుకుని మాట్లాడింది కాబట్టి ఏం చెప్పిందో ఎవరూ వినలేదు. బయటికొచ్చి, "కోచ్ జోకు చెప్పింది. నిజంగానే బాలేదు," అని నవ్వింది.

వారం తిరక్కుండా జనెల్ మంగళవారం సాయంత్రం లిడా అత్త వంటింట్లో కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా కప్పును తిప్పుతూ ఉండిపోయింది.

"ఎవరిని అడగాలి?" అంది లిడా.

"మంగళవారం సాయంత్రాలు బడి వెనక ఆడవాళ్ళు సాఫ్ట్‌బాల్ ఆడుతున్నారు కదా అత్తయ్యా. నలభై దాటినవాళ్ళని చేర్చుకుంటారేమో..."

లిడా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

మైదానం కంచె దగ్గరికి వెళ్ళాక జనెల్ పికప్పు చాటున నిలబడిపోయింది. లిడా మాత్రం కంచె పట్టుకుని, బస్సు వెనక సీటును దాటి, ఊరవతల ధాన్యం గోదాం దాకా వినపడేలా అడిగింది.

"నాకో సందేహం! మా కోడలికి నలభై ఒకటి. మోకాలు కొంచెం పట్టేస్తుంది. చిన్నప్పుడు ఎవరూ పిలవలేదని ఇప్పటికీ అలక. తీసుకుంటారా?"

మైదానంలో నవ్వులు. రెండో బేసు దగ్గర నిలబడ్డ లావుపాటావిడ అరిచింది, "మాకు మనిషి తక్కువే! గ్లోవు ఉందా?"

లిడా వెనక్కి తిరిగింది. "ఏమే అమ్మాయ్! గ్లోవు ఉందా అంటున్నారు!"

జనెల్ పికప్పు వెనక నుంచి, మొహం ఎర్రగా, చెయ్యి మాత్రం పైకెత్తి బయటికొచ్చింది. గ్లోవు ఆ చేతికి అప్పటికే తొడుక్కునే ఉంది.