నబోర్ వెనకాల ఉన్న జెముడు

ఎడారి ఊరైన కబోర్కాలో గోధుమ రొట్టెలు కాల్చి అమ్ముకునే బ్రిహిదాకు మిగిలిన ఆధారం తమ్ముడు నబోర్ పంపిన చివరి ఫొటో ఒక్కటే. పని ఇప్పిస్తామని ఎవరో బండి ఎక్కించుకుపోయిన రోజున పంపాడది. నడుం మీద చెయ్యేసుకుని నవ్వుతున్నాడు. వెనకాల ఒకే మొదట్లోంచి గుంపుగా లేచిన జెముడు కాండాలు.

అది పితాయా జెముడని మొదట అన్నది బ్రిహిదాయే. ఏటా వేసవిలో ఆ పళ్ళు తిని పెరిగిన మనిషి. పితాయా రాళ్ళ గుట్టల మీద మొలుస్తుంది. అందుకని, కనబడకుండా పోయిన తమవాళ్ళ కోసం వెతికే ఆడవాళ్ళతో కలిసి రెండేళ్ళుగా గుట్టలే ఎక్కింది. ఇనుప ఊచ నేలలోకి దించి, పైకి లాగి, కొనను వాసన చూడాలి; కింద శవముంటే ఆ కంపు అంటుకొస్తుంది. ఉత్త మట్టి వాసనే తగిలితే ఆ పూటకు ప్రాణం కుదుటపడేది. ఇంటికెళ్ళాక అందుకే ఏడుపొచ్చేది.

ఆ గుంపులో పెద్దది కాసిమిరా. ఆమె కొడుకూ దొరకలేదు. ఒక మధ్యాహ్నం ట్రక్కు నీడలో తింటూ ఆమె ఫొటో అడిగి తీసుకుంది.

"ఒసే, ఇది పితాయా కాదే."

"నాకు తెలీదా అక్కా?"

"పళ్ళు తిన్నావు గానీ చెట్టును ఎప్పుడైనా పరీక్షగా చూశావా? కొనల దగ్గర చూడు, ముసలాడి గడ్డంలా నెరిసిన ముళ్ళు. ఇది వేరే జెముడు, సినీతా."

"అది దుమ్ము."

"కొనలకే పట్టిందా దుమ్ము? పితాయాకి ఒళ్ళంతా సన్నటి గట్లుంటాయి. దీనికి చూడు, నాలుగైదే. సినీతా గుట్టలెక్కదే పిల్లా. దానికి ఇసక నేల కావాలి."

బ్రిహిదా ఫొటో లాక్కుంది. "రెండేళ్ళ తర్వాతా చెప్పేది?"

"నువ్వు పంచిన కాగితాల మీద వాడి మొహమే గదే ఉంది, ఈ జెముడు ఇవాళేగా చూడ్డం!"

నబోర్‌ను చివరిసారి చూసిన దారికి పడమర, ఎండిన వాగు ఒడ్డున సినీతాలున్నాయి. మర్నాడే వెళ్ళారు. ఊచ ఒకచోట మెత్తగా దిగింది. బ్రిహిదా కొన వాసన చూసి ఊచ వదిలేసింది. కాసిమిరా మోకాళ్ళ మీద కూలబడి చేతులతోనే ఇసక తోడింది. ముందు బెల్టు బయటపడింది. గుర్రం బొమ్మ బిళ్ళ ఉన్న బెల్టు, బ్రిహిదా కొనిచ్చిందే.

నబోర్‌ను శ్మశానంలో పాతిపెట్టిన తర్వాతి ఆదివారం బ్రిహిదా మళ్ళీ ట్రక్కు దగ్గరికి వచ్చింది.

"ఇంకేం పనే నీకిక్కడ?"

"మీవాడి ఫొటో ఇవ్వక్కా."

కాసిమిరా ఇచ్చింది. కొత్త చొక్కాలో కుర్రాడు. వెనకాల సున్నం కొట్టిన గోడ, అంతే.

"ఎటు పోదాం?"

"ఎటైనా ఒకటే," అంటూ కాసిమిరా ట్రక్కెక్కింది.

ఆ రోజు ఊరికి దక్షిణాన వెతికారు. ఏమీ దొరకలేదు.