ఆ బోరింగుకు ఎరుపు వేసింది నేను కాదు

దెయ్యం పట్టిందని మా దగ్గరికి తీసుకొచ్చిన వాళ్ళకు నేను ముందు మలేరియా పరీక్ష చేయించేవాణ్ణి. చాలాసార్లు జ్వరమే అని తేలేది. ఆరోగ్య శాఖలో చేరినప్పటి నుంచి దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను.

మొన్న మా ఆఫీసులో ఒక గోడ నిండా శాఖ చరిత్ర పెట్టారు. మా జిల్లాలోని కొన్ని తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు మశూచి టీకాలు వేసిన వాళ్ళ ఫొటోలతో మొదలవుతుంది. చివర్లో ఒక ఎర్ర బోరింగు ఫొటో, కింద నా పేరు. ఊరు వద్దన్నా వినకుండా, ఫ్లోరైడ్ నీళ్ళ బోరింగుకు స్వయంగా ఎర్ర రంగు వేసి బడి పిల్లల్ని కాపాడానని రాశారు. అది అబద్ధం. ఇన్నేళ్ళూ దాన్ని కాదనకుండా ఉన్నది నేనే.

ఊరు హనుమంతునిపాడు వైపు. పేరు రాయను. బోరింగు బడి పక్కనే ఉండేది. ఆ నీళ్ళు తాగిన పిల్లలకు పళ్ళు గారపట్టేవి, పెద్దవాళ్ళకు నడుములు వంగిపోయేవి. నమూనా పంపితే ఫ్లోరైడ్ చాలా ఎక్కువని రిపోర్టు వచ్చింది. అలాంటి బోరింగుకు ఎర్ర రంగు వేస్తే, తాగకూడదని అందరికీ తెలుస్తుంది. పెయింటు డబ్బా, బ్రష్షు బండి పెట్టెలో పెట్టుకుని వెళ్ళాను.

సర్పంచి అడ్డుపడ్డాడు. ట్యాంకర్ వచ్చేదాకా ఆగమన్నాడు.

"ఎరుపు పూసి నువ్వు బండెక్కి పోతావు సారూ. రేపు ఆడోళ్ళంతా బిందెలేసుకొని నా ఇంటి మీదికి వస్తారు."

ఎండలు ముదురుతున్నాయి. సరేనన్నాను.

బోరింగు దగ్గర ఓబయ్య తాత కూర్చుని ఉన్నాడు. గొర్రెలు కాసుకునే మనిషి. నడుము పూర్తిగా వంగిపోయి నేలనే చూస్తూ నడిచేవాడు. మనవరాలు ఆ బడిలోనే చదివేది.

"రిపోర్టు ఏందో వచ్చిందంట గదా నాయనా?" అని అడిగాడు.

ఇంకా రాలేదన్నాను.

"నీ మొగం నాకు అందదు గానీ, నీ చెప్పులు చూస్తానే ఉండా. ఒక్క చోట నిలవకుండా ఉండాయి." నవ్వాడు. "మా పాప తాగుతాది, అందుకు అడిగినా."

ఆ వారంలోనే ఆయన పోయాడని తెలిసింది. బాగా వయసు మీద పడినవాడే. ఆ కబురు విన్నాక కూడా నేను డబ్బా తెరవలేదు.

మళ్ళీ ఆ ఊరు వెళ్ళిన పొద్దున బోరింగు ఎర్రగా ఉంది. పిడి నుంచి దిమ్మె దాకా. తడి ఇంకా ఆరలేదు. బ్రష్షు గీతలు లేవు. వేళ్ళతో లాగిన చారలున్నాయి. మందలో తమ గొర్రెల్ని గుర్తుపట్టడానికి వీపుల మీద రంగు అలాగే వేళ్ళతో లాగుతారు.

"చెప్పకుండా దొంగ మాదిరి పూసినావే సారూ," అని సర్పంచి నా మీద మండిపడ్డాడు. పెట్టె తెరిచి, సీలు కూడా తీయని డబ్బా చూపించాను. ఇంకోటి కొనుంటావులే అన్నాడు.

పిల్లలు ఆ నీళ్ళు మానేశారు. ఊరంతా గోల చేస్తే ట్యాంకర్ కూడా వచ్చింది. పైఅధికారి నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు. నేను తల దించుకున్నాను. అది వినయం అనుకున్నారు.

ఊళ్ళోవాళ్ళెవరో పూసి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. బోరింగు పీకించిన రోజు దాకా ఆ మాట నిలిచింది.

కొమరోలు నుంచి మెకానిక్ వచ్చాడు. పైపులు ఒక్కొక్కటే పైకి లాగుతున్నాడు. మొదటిది ఎర్రగా వచ్చింది. తుప్పు అనుకున్నాను. తర్వాతదీ ఎర్రగానే ఉంది. ఆ తర్వాతదీ అంతే.

"తుప్పు గాదు సార్. వాసన చూడు," అని అరచెయ్యి నా ముక్కు దగ్గర పెట్టాడు. పచ్చి పెయింటు.

బోరు నోరు జానెడు కూడా ఉండదు. అన్నిటికంటే కింద, నీళ్ళలో మునిగి ఉన్న పైపు మీద కూడా అవే వేళ్ళ చారలు. కింది నుంచి పైకి లాగినట్టు ఉన్నాయి. మెకానిక్ పైపులు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

నిన్న ఆ గోడ పని చూసిన మేడమ్ దగ్గరికి వెళ్ళి, నా పేరు తీసేయమని అడిగాను.

"మరి ఎవరు వేసినారని రాయాల సార్?"

"రంగు పడింది అని రాయండమ్మా."

"ఎవరో ఒకరు వేస్తేనే గదా సార్ పడేది?"

ఇప్పుడు ఆ ఫొటో కింద నా పేరున్న చోట ఖాళీ ఉంది.

ఆ పెయింటు డబ్బా ఇప్పటికీ మా ఇంట్లోనే, అటక మీద ఉంది. సర్పంచికి చూపించిన రోజు సీలు చూశానే గానీ, బరువు గమనించలేదు. ఈ పొద్దున దించి చూశాను. సీలు చెక్కుచెదరలేదు. ఎత్తితే ఖాళీ డబ్బా బరువే ఉంది.