మా మామ అంగట్లో అలిగిన యంత్రం

నా చిన్నప్పుడు చిత్తూరు బస్టాండు పక్కన మా మామ అంగట్లో ఒక పిన్‌బాల్ యంత్రం ఉండేది. కార్వేటినగరం రాజులు ఆడి వదిలేసినదని బడిలో అందరికీ చెప్పాను. నిజానికి అది మద్రాసులో మామిడికాయలు దించి ఖాళీగా తిరిగొస్తున్న లారీలో వచ్చింది. అద్దం కింద ఉక్కు గుండు పరుగెత్తేది. అది దేనికైనా తగిలినప్పుడల్లా గంట మోగేది, అంకెల చక్రాలు టకటకా తిరిగేవి. ఎవరైనా కుదిపి గుండును దారి మళ్లించబోతే యంత్రం పసిగట్టి, ఎర్రదీపం వెలిగించి, ఆట ఆపేసేది.

ఆ వేసవిలో దానికో జబ్బు పట్టుకుంది. ఎవరూ కుదపకపోయినా చెప్పాపెట్టకుండా ఎర్రదీపం వెలిగేది. వెలిగినప్పుడల్లా నేను పక్కనే ఉండేవాణ్ణి. మామకు అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"నువ్వే తన్నినావు రా. నువ్వు లేనప్పుడు అది బంగారం మాదిరి ఆడతాది."

"నేను తన్నలేదు మామా! బొమ్మ మాదిరి కూసోనుండా!"

"నువ్వా? బొమ్మ మాదిరా?" అని ఆడుతున్నవాళ్లంతా నవ్వారు. రాజుల కథలు చెప్పేవాడి మాట ఎవరు నమ్ముతారు?

మా వీధిలో పెదనాయన వరుసయ్యే ఒకాయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆయన వచ్చి చూస్తాడని, తప్పు యంత్రంలో లేదని తేలితే సెలవులయ్యేదాకా నేను అంగడి గడప తొక్కకూడదని మామ ఖాయం చేశాడు.

ఆ రోజు పొద్దున్నే మామ అంగడి ఊడ్పించి, నీళ్లు చల్లించి, యంత్రానికి ఆనుకుని ఉండే బెంచీని బయట వేయించాడు. నాకు తల దువ్వించి ఓ మూల నిలబెట్టాడు. పెదనాయన ఆడాడు, మామ ఆడాడు. గంట మోగుతోందే తప్ప ఎర్రదీపం ఊసే లేదు. ఒక యంత్రం చెడిపోవాలని నేను అంతగా మొక్కుకున్నది ఆ ఒక్కరోజే. అరికాళ్ల కింద నిప్పులున్నట్టు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారుతూ నిలబడ్డాను.

"సూసినావా అన్నా? రోగం దీనికి కాదు, వీనికి" అన్నాడు మామ.

పెదనాయన నన్ను దగ్గరికి పిలిచాడు. "అది ఆగినప్పుడు నువ్వు యాడ ఉండావు నాయనా?"

"బెంచీ మీద."

"బెంచీ యాడ?"

బయట ఉందని చూపించాను. ఆయన మామ వైపు తిరిగాడు. "సుట్టాలొస్తారని ఇల్లు సర్దినట్టు సర్దినావు గదప్పా! ముందు ఎట్లుండిందో అట్లనే పెట్టు."

బెంచీ లోపలికి వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అయినా దీపం వెలగలేదు. "రోజూ ఇట్లనే కూసుంటావా?" అని ఆయన మళ్లీ అడిగాడు. కాళ్లు ఊపితే దరిద్రమని మా అవ్వ రోజూ తొడ మీద ఒకటి అంటించేది. ఇప్పుడు ఆ సంగతి ఒప్పుకుంటే తన్నినట్టే లెక్కవుతుందని భయం.

"కాలు ఊపతా ఉంటిని" అన్నాను మెల్లగా.

"అయితే ఊపు."

కాలు ఊపమని నాతో అన్న పెద్దమనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. ఊపాను. నా కాలు బెంచీని కదిలించింది, బెంచీ యంత్రాన్ని కదిలించింది. అదేమంత పెద్ద కుదుపు కాదు, గ్లాసులో నీళ్లు కూడా తొణకవు. అయినా రెండో గుండుకే ఎర్రదీపం వెలిగింది.

పెదనాయన మూత ఎత్తి, ఆట మళ్లీ మొదలుపెట్టించి, పొరక పుల్లతో లోపలి తీగలను ఒక్కొక్కటిగా తాకుతూ పోయాడు. ఒక్క తీగ దగ్గర మాత్రం పుల్ల ఆనగానే టక్కుమని ఆట ఆగింది. పైకి శుభ్రంగా కనిపిస్తున్న ఆ తీగకు అడుగున తొడుగు అరిగిపోయి ఉంది. కాస్త అదిరితే చాలు, పక్క రేకును తాకుతోంది; తనను ఎవరో కుదిపారని యంత్రం అనుకుంటోంది.

"వీడు తన్నలేదబ్బా. వీడు లేకుంటే ఇది దొరికేది గూడా కాదు" అన్నాడు మామతో.

తీగకు కొత్త తొడుగు పడ్డాక, మొదటి ఆట నన్నే ఆడమని మామ పక్కకు జరిగాడు.

కథలల్లడం నేను మానలేదు, మానే ఉద్దేశం కూడా లేదు. కానీ తప్పు ఎక్కడుందో వెతకడానికి కూర్చున్న మనిషి ముందు మాత్రం నాకు అబద్ధం నోటికి రాదు. మొన్న తిరుపతిలో డాక్టరు రోజూ నడుస్తున్నారా అని అడిగితే, రెండు రోజులు నడిచి మానేశానని, వస్తూ వస్తూ దారిలో మూడు బోండాలు కూడా తిన్నానని చెప్పేశాను. పక్కన కూర్చున్న నా భార్య, ఇన్నేళ్ల కాపురంలో నా నోట అంత నిజం ఎప్పుడూ విననట్టు, కుర్చీ నావైపు తిప్పుకుని మరీ చూసింది.