బంగాళాదుంప చాళ్లలో సముద్రనాచు

చిలోయే దీవిలో ఎర్మిందాకు ఉన్నంత నోరు ఇంకెవరికీ లేదు. ఆ నోటితోనే ఆల్చిప్పలు పెంచే మగవాళ్ళతో పోట్లాడి, ఊరి ముందున్న చిన్న అఖాతంలో ఒక్క తాడు వేసుకునే అనుమతి సంపాదించింది. దానికి ఉయిరో అనే పొడుగాటి సముద్రనాచు మొలకలు చుట్టింది. చలికాలమంతా పడవేసుకుని వెళ్ళి, ఆడపిల్ల జడ చూసినట్టు వాటిని పైకి లాగి చూసి, "ఎదగవేం?" అని కసిరి వచ్చేది. మగవాళ్ళతో కుదిరిన ఒప్పందం ప్రకారం, మొక్క పడవకన్నా పొడుగు పెరిగితే అఖాతం ఎర్మిందా వాళ్ళ ఆడవాళ్ళ సంఘానిది. లేకపోతే మళ్ళీ ఆల్చిప్పలది. కొలవడానికి పరిశోధనశాల నుంచి మరిసోల్ రావలసిన రోజుకు ముందు రాత్రే గాలివాన ఆ తాడు తెంపేసింది.

తెల్లవారి ఒడ్డున నాచు లేదు. ఎడ్లబండి జాడ మాత్రం గుట్టెక్కి, మరిది దెసిదేరియో బంగాళాదుంప చేలోకి పోయింది.

"ఏరా, నా నాచేది?"

"చాళ్లలో ఉంది వదినా, మట్టి కూడా కప్పేశా. దుంపలకు దాన్ని మించిన ఎరువుందా?"

"అది నేను పెంచింది!"

"ఒడ్డుకు కొట్టుకొచ్చింది ఏరుకున్నవాడిది. పోయినేడాది మా గుమ్మం ముందు పడ్డ నాచు బండికెత్తుకుపోతూ ఈ మాటన్నదెవరు?"

ఆ మాటన్నది ఎర్మిందాయే. గొంతు తగ్గించి అడిగింది: "ముక్కలు కోశావా?"

దెసిదేరియో తల గోక్కున్నాడు. "కోయాలి గానీ, ఎవడికుంది ఓపిక? పొడుగ్గా ఈడ్చి పడేశా."

లోకంలో పాత గోడలు ఇంకా నిలబడి ఉన్నాయంటే పడగొట్టడానికి బద్ధకించినవాళ్ళ పుణ్యమే. చరిత్రకారులు వాళ్ళకో దండ కూడా వేయరు. ఎర్మిందా మాత్రం మరిది నుదుటిమీద ముద్దుపెట్టి, ఊరందరినీ సాయానికి కేకేసింది. అక్కడ సాయానికి పిలిచినవాళ్ళే కడుపునిండా పెట్టాలి.

మరిసోల్ వచ్చేసరికి ఊరంతా వంగి చేలో తవ్వుతోంది.

"అమ్మా, సముద్రం అటు కదా?"

"ఈపూట ఇటొచ్చింది తల్లీ. టేపు తియ్యి."

"చేలో కొలిస్తే చెల్లదు!" అన్నాడొక ఆల్చిప్పలాయన.

"ఏం, మట్టంటితే పొడుగు పెరుగుతుందా?" అంది ఎర్మిందా.

మరిసోల్ నవ్వాపుకుని టేపు పరిచింది. నీళ్ళలోనైతే నాచు అలలకు మెలికలు తిరిగేది; చాలులో బుద్ధిగా పడుకుంది. గట్టున బోర్లించిన దెసిదేరియో పడవ పక్కనుంచి సాగి, దాన్ని దాటి, కంచె కింద దూరింది. ఆల్చిప్పలాయన టోపీ తీసేశాడు.

విందులో అందరికన్నా ఎక్కువ తిన్నది దెసిదేరియోనే.

"మరి నా ఎరువు, వదినా?"

"మళ్ళీ పూడ్చుకో నాయనా. కొలత అయిపోయిందిగా, ఈసారి కోసి వెయ్యి!"

"ఇంత తిన్నాక ఎవడు కోస్తాడు?" అంటూ అతను పడవ నీడన నడుం వాల్చాడు.