ఎదురింటికి టాక్సీ

రెండువేల ఐదులో షార్జాలో మేం అద్దెకు తీసుకున్న ఫ్లాటు, నేను నర్సుగా చేసే క్లినిక్కుకు సరిగ్గా ఎదురుగా ఉండేది. మధ్యలో ఖాళీ ఇసుక, జనం నడిచి నడిచి గట్టిపడిన కాలిబాటలు, అంతే. ఆ కాలిబాటలు చూసే ఇల్లు తీసుకున్నాం. నాకు చంటిపిల్ల. పాలిచ్చే తల్లికి డ్యూటీ మధ్యలో అరగంట వదలాలని అక్కడి రూలు. గబగబా ఇసుక దాటి, పాలిచ్చి, మళ్ళీ వచ్చేసేదాన్ని. పక్క ఫ్లాటులో ఉండే గోదావరి వైపు అక్క పిల్లను చూసుకునేది. మా మహాతల్లికి సీసా పెడితే ఉమ్మేసేది, నేనే కావాలి.

కొన్నాళ్ళకు ఆ ఇసుకలోకి యంత్రాలు దిగాయి.

"రోడ్డు పడితే మనకన్నీ దగ్గరైపోతాయే," అని మా ఆయన తెగ సంబరపడ్డాడు. కారు కూడా లేని మనిషి!

పడింది దిక్కుమాలిన రోడ్డు. అటు నాలుగు వరసలు, ఇటు నాలుగు వరసలు, నడుమ నిలువెత్తు ఇనప కంచె. మనుషులు దాటడానికి వంతెన లేదు, సందు లేదు. ఎవరో రెండు ఊచలు వంచి దారి చేసుకుంటే, వారం తిరక్కుండా వెల్డింగ్ పెట్టేశారు. దుబాయ్ నుంచి వచ్చే కార్లకు అన్ని వీధులూ కలిశాయి. కాళ్ళున్నవాళ్ళకు ఉన్న దారి కాస్తా పోయింది. పైగా అందరూ ఊరు ఎంత బాగుపడిందో అని మెచ్చుకోవడం! వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆ సందుకు వెల్డింగ్ పెట్టిన మర్నాడే అక్క ఫోన్ చేసింది. "పొద్దున్నించీ పిల్ల ఏం ముట్టలేదమ్మా. ఏడ్చేడ్చి గొంతు బొంగురుపోయింది. నువ్వు తొందరగా వచ్చెయ్."

అరగంట అడిగి టాక్సీ ఎక్కాను. డ్రైవరు పఠాన్. వేలితో మా బిల్డింగు చూపిస్తే నవ్వాడు. "సామ్నే దిఖ్తా హై బాజీ, లేకిన్ రాస్తా నహీ హై. యూటర్న్ బహుత్ దూర్." ఎదురుగానే కనిపిస్తోంది గానీ దారే లేదట, బండి తిప్పుకునే చోటు చాలా దూరమట.

ఆ యూటర్న్ దాకా కూడా పోలేదు. రౌండబౌట్ ముందు బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. తారు కంపు, డీజిల్ పొగ, ఆ ఎండ. పాలు కారి యూనిఫారం ముందంతా తడిసిపోయింది. ఛీ, ఇదేం బతుకు అనిపించింది. అంతలో క్లినిక్కు ముదీర్, అదే మా మేనేజరు, ఫోన్: "సిస్టర్, టైమ్ ఖలాస్! యల్లా, జల్దీ ఆవో!"

అప్పటికింకా క్లినిక్కు వైపే ఉన్నాం. దిగి, చేతిసంచీ గుండెలకు అడ్డం పెట్టుకుని నడిచి వెనక్కి వచ్చేశాను.

బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే, అక్క పిల్లను ఎత్తుకుని అవతలి అంచుకు వచ్చి నిలబడి ఉంది. నన్ను వెతుక్కుంటోంది. పిల్ల నోరంతా తెరిచి ఏడుస్తోంది. లారీల మోతలో ఆ ఏడుపు నాకు వినపడలేదు.

రొమ్ములు రాళ్ళలా సలుపుతున్నాయి. పాలన్నీ వాష్‌బేసిన్‌లోకి పిండేసి, కుళాయి తిప్పాను.